శాసనసభ వద్దన్నా రాష్ట్రాన్ని విభజించే అధికారం పార్లమెంటుకు ఉందా?

చెన్నైలో నలుగురు తెలుగువాళ్లు కూర్చున్న చోట తరచూ వచ్చే ప్రశ్న ఇది; ఉంది అన్నదే జవాబు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం బిల్లుకు రాష్ట్రపతి సిఫారసు కావాలి, దాన్ని ముందుగా సంబంధిత శాసనసభ అభిప్రాయానికి పంపాలి. కానీ ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కరలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించినా, ఫిబ్రవరిలో ఉభయసభలు విభజన బిల్లును ఆమోదించాయి. 4వ అధికరణం దీన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించదు కనుక సాధారణ మెజారిటీ చాలు. ఇంత పెద్ద పనికి ఇంత సులువైన దారి ఉండడం నాకు సబబుగా తోచదు. మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద, పొట్టి శ్రీరాములు 1952లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజుల నిరాహారదీక్షతో కన్నుమూసిన చోట, ఆయన స్మారక భవనం ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రాన్ని ఏర్పరచి, మద్రాసు నగరాన్ని మాత్రం మద్రాసు రాష్ట్రంలోనే ఉంచినదీ పార్లమెంటు చేసిన చట్టమే.