చదవడానికి మొరాయించే పిల్లలకు నవ్వించే జంతువుల సాహస కథలను ఎలా ఎంచుకోవాలి?

ఎనిమిదేళ్ళ మీ అబ్బాయికి గుణింతాలు, వత్తులు అన్నీ వచ్చినా తెలుగు పుస్తకం చేతికిస్తే రెండు వాక్యాలు చదివి పక్కన పెట్టేస్తున్నాడనీ, జంతువులంటే ప్రాణం కనుక నవ్వించే సాహస కథలు ఎలాంటివి తేవాలో చెప్పమనీ అడిగారు. మా వీధి పిల్లలను ఆదివారాలు కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపిస్తూ, ఎవరికి తగిన పుస్తకం వాళ్ళకు వెతికి ఇస్తూ వస్తున్నాను కనుక ఆ అనుభవంతో రాస్తున్నాను. పుస్తకం కొనే ముందు నేను ప్రధానంగా చూసేది ఒక్కటే: బిడ్డ తనంతట తాను చదువుకుంటూ పోతే, అలసిపోయే లోపు మొదటి నవ్వు దొరుకుతుందా, లేదా?

అందుకోసం కథ కన్నా ముందు అచ్చు చూడండి. మన లిపిలో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి కనుక, పంక్తుల మధ్య ఎడం చాలకపోతే పై పంక్తిలోని వత్తూ కింది పంక్తిలోని గుడీ కలిసిపోయినట్టు కనిపించి, కూడబలుక్కుని చదివే బిడ్డ అక్కడే ఆగిపోతాడు. పెద్ద అక్షరాలు, పేజీకి నాలుగైదు పంక్తులు, వాటితో నడిచే బొమ్మ ఉన్న పుస్తకం మొదట మంచిది. మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదివించి చూడండి. అయిదారు మాటల దగ్గర తడబడితే ఆ పుస్తకాన్ని మీరు చదివి వినిపించడానికి ఉంచుకోండి.

ఇక నవ్వు సంగతి. జంతువుకు చొక్కా తొడిగి, కళ్ళజోడు పెట్టినంత మాత్రాన కథ నవ్వించదు. జంతువుకు ఏదో ఒకటి గట్టిగా కావాలి, దాని కోసం అది బయలుదేరాలి, దారిలో దాని స్వభావమే దాన్ని చిక్కుల్లో పడేయాలి. పిల్లలు జారిపడే ఏనుగును చూసి ఒకసారి నవ్వుతారు. తమకు తెలిసినది కథలోని జంతువుకు తెలియనప్పుడు మాత్రం నవ్వుతూనే పేజీ తిప్పుతారు. పంచతంత్రంలోని కోతి, మొసలి కథ ఇన్ని తరాలుగా నిలవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. నడి నీటిలో, మొసలి వీపు మీద, ప్రాణాపాయంలో ఉన్న కోతి తన గుండెకాయను నేరేడు చెట్టు మీదే వదిలి వచ్చానని చెప్పగానే మొసలి నమ్మి వెనక్కి తిరుగుతుంది. ఆ క్షణంలో మొసలి కన్నా తానే తెలివైనవాడినని బిడ్డకు అర్థమవుతుంది. చదువులో వెనకబడ్డావన్న మాట రోజూ వినే పిల్లలకు ఆ ఆనందం ఎంత విలువైనదో నేను దగ్గరి నుంచి చూశాను.

మూడో తరగతి చదివే ఒక పాప బొమ్మలు మాత్రమే చూసి పుస్తకం తిరిగి ఇచ్చేసేది. ఆమెకు బస్సెక్కి సంతకు వెళ్ళే ఒక మేక కథ ఇచ్చాను. కండక్టరు టికెట్టు అడగడంతో కుడి పేజీ ముగుస్తుంది. పేజీ తిప్పితే మేక టికెట్టు నములుతూ ఉంటుంది. ఆ పాప అక్కడ పగలబడి నవ్వి, వెనక్కి తిప్పి కండక్టరు మాటలను మళ్ళీ, ఈసారి గట్టిగా చదివింది. తర్వాత తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పేజీ మూలను వేలితో అదిమి పట్టి, వాడు బతిమాలేదాకా తిప్పలేదు. అందుకే దుకాణంలో నిలబడి పేజీ మలుపులు పరిశీలించమంటాను. ప్రశ్నా జవాబూ ఒకే పేజీలో ఉంటే మంచి హాస్యం కూడా చప్పబడుతుంది.

చివర నీతి వాక్యం, దాని కింద ప్రశ్నలు అచ్చువేసిన పుస్తకాలను ప్రస్తుతానికి పక్కన ఉంచండి. చదవడం ఇష్టం లేని బిడ్డ ఆ ప్రశ్నలను చూడగానే ఇదీ పరీక్షేనని తేల్చుకుంటాడు. కథ అయ్యాక ఏం నేర్చుకున్నావని మీరు కూడా అడగవద్దు. బొమ్మల కథలు, మాటల బుడగలున్న కామిక్స్ చదువు కిందికి రావన్న అభిప్రాయం సరైనది కాదు. బుడగలోని చిన్న వాక్యం పూర్తిగా చదవగలిగిన బిడ్డకే పేరా చదివే ధైర్యం వస్తుంది. 1947లో మొదలైన చందమామ పాత సంచికల మీద మనకెంత మమకారం ఉన్నా, వాటిని ముందు మీరు చదివి వినిపించండి.

పుస్తకాల కోసం ఎక్కువ ఖర్చు పెట్టనక్కర లేదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, చదివే స్థాయిని బట్టి వెతుక్కోవచ్చు. మీ అబ్బాయి వయసు పక్కన పెట్టి మొదటి స్థాయి నుంచే మొదలుపెట్టండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం, హైదరాబాదులోని ‘మంచి పుస్తకం’ అనే సంస్థ ప్రచురణలు అందుబాటు ధరల్లో ఉంటాయి. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళ్ళగలిగితే బిడ్డను వెంట తీసుకువెళ్ళి, మీరు ఏరిన నాలుగింటిలో ఒకటి అతన్నే ఎంచుకోనివ్వండి.

ఇంటికి తెచ్చాక, రాత్రి పడుకోబోయే ముందు మీరే గొంతు మార్చి చదవడం మొదలుపెట్టి, జంతువు ఆపదలో పడిన చోట ఆపి, పుస్తకాన్ని అతని దిండు పక్కనే వదిలి వంటింట్లోకి వెళ్ళండి. మిగతాది తాను చదివితే సరే. చదవకపోతే మరునాడు మీరే పూర్తి చేయండి, అలిగి ఆపేయవద్దు. అదే పుస్తకం పదే పదే అడిగినా విసుక్కోకండి, ఎందుకంటే తెలిసిన కథలోనే మాటలు కూడబలుక్కోకుండా చదవడం అలవాటవుతుంది.