ఇంటర్న్‌షిప్‌కు ముందు కంప్యూటర్ కోర్సు చేయాలా? ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని జవాబు

వచ్చే నెలలో మీ బీఈడీ ఇంటర్న్‌షిప్ మొదలవుతుందని, కాలేజీలో కంప్యూటర్ ముట్టుకునే అవకాశమే రాలేదని, వెళ్లబోయే హైస్కూల్లో ప్రతి గదికీ ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే గోడకు ఉండే పెద్ద టచ్ తెర, ఉందని రాశారు. ఈలోగా ఏదైనా కంప్యూటర్ కోర్సు చేయాలా, ల్యాప్‌టాప్ కొనాలా అని అడిగారు. రెండూ అక్కరలేదు. చేతిలో ఉన్న ఫోన్, ఆ ప్యానెల్ దగ్గర పిల్లలు లేని సమయంలో గడిపే మూడు నాలుగు సాయంత్రాలు చాలు. ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం నా ఇంటర్న్‌షిప్‌లో జరిగిన ఒక పీరియడ్. దాన్ని వివరంగా చెబితేనే నా మాట మీకు సరిగా అర్థమవుతుంది.

అంతకంటే ముందు కాలేజీల సంగతి కొంత చెప్పాలి. 2014 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనలతో బీఈడీ రెండేళ్ల కోర్సు అయినప్పుడు, ఈపీసీ (వృత్తి సామర్థ్యాలను పెంచే కోర్సులు) పేరుతో నాలుగు సాధన కోర్సులను చేర్చారు. వాటిలో మూడోది పూర్తిగా ఐసీటీకి, అంటే కంప్యూటర్, ఇంటర్నెట్ వంటి సమాచార సాంకేతికతకు, సంబంధించినదే. ఆలోచన చాలా మంచిది. కానీ నేను చదివిన కాలేజీలో ఆ కోర్సు అంటే రికార్డు రాయడమే. కీబోర్డు బొమ్మ గీసి భాగాలు గుర్తించాము, పవర్‌పాయింట్ తెరిచే విధానాన్ని మెట్లవారీగా చేతితో రాశాము, సంతకం పెట్టించుకున్నాము. ల్యాబ్ తలుపు తెరిచింది తనిఖీ రోజున మాత్రమే. అదే కాలేజీలో మైక్రోటీచింగ్‌ను, అంటే ఒక్కో బోధన నైపుణ్యాన్ని విడిగా కొద్ది నిమిషాలు సాధన చేయడాన్ని, మాత్రం శ్రద్ధగా చేయించారు. ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు విమర్శ, పన్నెండు నిమిషాలు తిరిగి సిద్ధం కావడం, మళ్లీ ఆరు నిమిషాల బోధన, ఆరు నిమిషాల విమర్శ. ఆ 36 నిమిషాల చక్రం నాకు ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను. అందులో నల్లబల్ల వినియోగం ఒక ప్రత్యేక నైపుణ్యంగా ఉంది. తెర వినియోగాన్ని కూడా అలాగే ఒక నైపుణ్యంగా తీసుకుని, తోటి ట్రైనీల ముందు ఆరు నిమిషాలు చేయించి, ఎక్కడ వెనక్కి తిరిగి మాట్లాడామో, ఎక్కడ పిల్లల మొహాలు చూడటం మరిచిపోయామో చెప్పి ఉంటే, ఇంటర్న్‌షిప్ మొదటి వారం నాకు అంత కష్టంగా గడిచేది కాదు.

నేను ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లాను. పదో తరగతిలో ప్రసరణ వ్యవస్థ పాఠం నాకు ఇచ్చారు. నాకు తెలుగు టైపింగ్ రాదు కాబట్టి, గుండె గదులైన కర్ణికలు, జఠరికలు, వాటి మధ్య ఉండే అగ్రద్వయ, అగ్రత్రయ కవాటాలు, గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లే పుపుస ధమని, మహాధమని అన్నీ వరుసగా వచ్చేలా 42 స్లైడ్లను పట్నంలో ఒక డీటీపీ దుకాణంలో చేయించాను. అక్కడి కంప్యూటర్‌లో అవి ఎంతో అందంగా ఉన్నాయి. మర్నాడు పెన్‌డ్రైవ్‌ను ప్యానెల్‌కు పెట్టి తెరిస్తే, బొమ్మలు బొమ్మలుగానే ఉన్నాయి గానీ తెలుగు ఉండాల్సిన చోటంతా ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసిపోయి ఉన్నాయి. మొదటి బెంచీలో అబ్బాయి, "టీచర్, ఇది ఏ భాష?" అని అడిగాడు. వాడు నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. 44 మంది పిల్లలు సమాధానం కోసం నా వైపు చూస్తున్నారు. నేను తర్వాతి స్లైడు, ఆ తర్వాతి స్లైడు తిప్పుకుంటూ పోయాను.

వెనక బెంచీలో కూర్చుని నా పాఠాన్ని పరిశీలిస్తున్న జీవశాస్త్రం మాస్టారు లేచి వచ్చారు. ఆయనకు రిటైర్మెంట్ దగ్గర పడింది, ఆ ప్యానెల్‌ను తను పెద్దగా వాడరని ముందే చెప్పారు. "ఏమ్మా, నీ ఫోన్ కెమెరాలో కనపడేది ఈ తెర మీద పెద్దగా కనపడుతుందా?" అని మాత్రం అడిగారు. ఫోన్ తెరను ప్యానెల్ మీద చూపించే సదుపాయాన్ని ముందురోజు సాయంత్రం ఒకసారి ప్రయత్నించి చూశాను కాబట్టి, కనిపిస్తుందని చెప్పగలిగాను. ఆయన ఒక పిల్లను పంపి మధ్యాహ్న భోజనం వండే అమ్మ దగ్గర అగ్గిపెట్టె తెప్పించారు, బీరువాలోంచి చొక్కా గుండీ ఒకటి తీశారు. గుండీ రంధ్రంలో అగ్గిపుల్లను నిలబెట్టి, ఏ భాష అని అడిగిన ఆ అబ్బాయి మణికట్టు మీద పెట్టించారు.

ఈ ప్రయోగం కొత్తది కాదు. ఎన్నో ఏళ్లుగా బడుల్లో చేయిస్తున్నదే, నేనూ చిన్నప్పుడు చేశాను. అయితే చేస్తున్నవాళ్లకు, పక్కన వంగి చూస్తున్న ఒకరిద్దరికి తప్ప ఆ పుల్ల కదలిక ఎవరికీ కనిపించదు. నేను ఫోన్‌ను మణికట్టుకు దగ్గరగా పట్టుకున్నాను. తెర మీద ఆ అగ్గిపుల్ల మూరెడు పొడవున నిలబడి, నాడి కొట్టుకున్నప్పుడల్లా వణకడం మొదలుపెట్టింది. గదిలో చప్పుడు ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు లెక్కపెట్టడం ప్రారంభించారు. మాస్టారు గడియారం చూసి ఒక నిమిషానికి ఆపితే 82 వచ్చింది. ఆ అబ్బాయిని మైదానం చుట్టూ ఒక చుట్టు పరుగెత్తించి తీసుకొచ్చి మళ్లీ పెడితే 126. రెండో వరుసలో ఒక అమ్మాయి లేచి, "రెండు చేతుల్లోనూ ఒకేసారి కొట్టుకుంటుందా టీచర్?" అంది. ఇంకో గుండీ, ఇంకో పుల్ల వచ్చాయి. రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టిస్తే రెండు పుల్లలూ కలిసి వణికాయి. అప్పుడు అదే అమ్మాయి, "మరి గుండె కొట్టుకున్నప్పుడే ఇక్కడా కొట్టుకుంటుందా, కొంచెం ఆగి కొట్టుకుంటుందా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా 42 స్లైడ్లలో జవాబు లేదు, నాకూ తెలియదు. రేపు చెబుతానని ఒప్పుకుని, ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను. గుండె సంకోచించగానే మహాధమనిలో పుట్టిన పీడన తరంగం ధమనుల గోడల వెంట సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. అందువల్ల మణికట్టు దగ్గర నాడి చాలా స్వల్పంగా, సెకనులో పదో వంతుకు అటూ ఇటుగా, ఆలస్యంగా తెలుస్తుంది. ఈ తరంగం వేరు, రక్తం వేరు. రక్తం అంతకంటే చాలా నెమ్మదిగా కదులుతుంది. మర్నాడు ఈ మాట చెప్పేటప్పుడు మాత్రమే నేను గుండె బొమ్మను తెరమీద పెట్టాను. అప్పుడు పిల్లలు ఆ బొమ్మలో మహాధమని ఎక్కడ ఉందో వాళ్లంతట వాళ్లే వెతికారు. 1816లో రెనె లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడని, స్టెతస్కోపు అలా పుట్టిందని మాస్టారు చెబితే, పాత వార్తాపత్రికలు చుట్టి ఒకరి గుండె ఒకరు విన్నారు. లెనెక్ చేతిలో ఆ కాగితం చేసిన పనే నా చేతిలో ఫోన్ చేసిందని నాకు ఆ రోజే తోచింది.

నా అభిప్రాయంలో తరగతి గదిలో సాంకేతికత అసలు పని ఇదే. గదిలో ఉండి కూడా అందరికీ కనిపించని దాన్ని కనిపించేలా చేయడం. పిల్లవాడి నోటుపుస్తకంలోని బొమ్మ, మందార పువ్వును కోస్తే కనిపించే అండాశయం, రొట్టె మీద పట్టిన బూజు, ఇవన్నీ కెమెరా కింద పెట్టి చూపించండి. ఎక్కడో తయారైన వీడియో కంటే వీటికే పిల్లలు ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. ఇది భౌతికశాస్త్రానికీ గణితానికీ కూడా వర్తిస్తుందని నేను నమ్ముతాను. తెరమీదే ప్రయోగాలు చేయించే పెట్ (PhET) సిమ్యులేషన్లు, గణిత బొమ్మలు గీసి కదిలించే జియోజీబ్రా నిజంగా గొప్ప సాధనాలే, కానీ బ్యాటరీ, బల్బు, తీగ పిల్లల చేతికి ఇచ్చిన తర్వాతే తెరమీది సర్క్యూట్ చూపించాలి, ముందు కాదు.

వీడియోలు అసలు వద్దని నేను అనడం లేదు. కవాటాలు తెరుచుకుని మూసుకోవడాన్ని ఏ ఉపాధ్యాయుడూ చేతులతో చూపించలేడు. 2017లో మొదలైన ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షలో మంచి వీడియోలు ఉన్నాయి, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వస్తాయి, ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. అయితే శబ్దం తీసేసి చూపించండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. వీడియోలోని గొంతు మీ పిల్లలకు ఏది అర్థం కాలేదో చూడలేదు, ఆగలేదు, వెనక్కి వెళ్లలేదు. మీరు చేయగలరు. మూడు నిమిషాల వీడియోను నాలుగైదు చోట్ల ఆపి, "ఇప్పుడు రక్తం ఎటు పోతుంది?" అని అడిగి, వాళ్లు చెప్పిన తర్వాత నడిపించండి. కొన్ని బడుల్లో వీడియో పెట్టి ఉపాధ్యాయులు పక్కన కూర్చుని ఆన్‌లైన్ పనులు, ఫోటోల అప్‌లోడ్లు చేసుకోవలసి రావడం నేను చూశాను. తప్పు వాళ్లది కాదు. పాఠం చెప్పే సమయాన్ని పాఠం చెప్పినట్టు రుజువులు పంపడానికి ఖర్చు చేయించే పద్ధతిది. ట్రైనీగా ఉన్నప్పుడు మీ మీద ఆ భారం ఉండదు. ఇంటర్న్‌షిప్ 16 వారాలను పూర్తిగా పిల్లల కోసమే వాడుకోండి.

ఇక తెలుగు అక్షరాల సంగతి. నాకు ఎదురైన ఇబ్బందికి కారణం, డీటీపీ దుకాణాల్లో చాలాచోట్ల ఇప్పటికీ వాడే పాత ఫాంట్లు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చి తయారు చేసినవి. ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే అడుగున ఉన్న ఇంగ్లీషు అక్షరాలే బయటపడతాయి. అన్ని యంత్రాల్లోనూ అక్షరాలు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, మన ఫోన్లలో టైపు చేసేదంతా యూనికోడే. కాబట్టి దుకాణానికి వెళ్లకుండా ఫోన్లోనే టైపు చేయండి, లేదా మాట్లాడి రాయించుకుని తప్పులు దిద్దుకోండి. ఫైలును పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. ఏది తయారు చేసినా, ఏ ప్యానెల్ మీద చూపించబోతున్నారో ఆ ప్యానెల్ మీదే ముందురోజు తెరిచి చూడండి. తెలుగు టైపింగ్ నేర్పని ఉపాధ్యాయ శిక్షణ తెలుగు మాధ్యమం పిల్లలకు అన్యాయం చేస్తున్నట్టేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో ఒక్క పదాన్ని తెరమీద రాయలేకపోతే, ఎంత ఖరీదైన తెర అయినా వాళ్లది కాదు.

మీరు కూడా జీవశాస్త్రమే అని రాశారు కాబట్టి చివరగా ఆ ప్రయోగం గురించి. అగ్గిపుల్ల తలను ముందే విరిచేయండి, బరువు తగ్గి బాగా కదులుతుంది, భయమూ ఉండదు. గుండీ చిన్నదిగా, తేలికగా ఉండాలి. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లతో నాడిని వెతికి, సరిగ్గా ఆ చోటనే పెట్టండి. పిల్లవాడి చెయ్యి బల్ల మీద ఆనాలి. ఫోన్‌ను మీరు పట్టుకోకుండా ఒక పిల్లకు ఇవ్వండి, అప్పుడు మీరు తరగతి వైపు తిరిగి నిలబడవచ్చు.