విండోస్ మార్చాక బ్యాకప్ మొరాయిస్తుంటే: మేనకోడలికి లేఖ

చిరంజీవి లలితకు మామయ్య ఆశీస్సులు.

ఆఫీసు కంప్యూటర్‌ను విండోస్ 10 నుంచి 11కి మార్చినప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున్నే బ్యాకప్ ఫెయిలైందని మెసేజ్ వస్తోందని రాశావు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది కాబట్టి మారడం మంచిదే. ఆ మెసేజ్‌ను మాత్రం క్లోజ్ కొట్టి వదిలేయకు. అలాగని కంగారుపడి బయటి హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేయకు. అదే తప్పు వారం వారం వస్తోందంటే, అప్‌గ్రేడ్ లోపల దేన్నో కదిపింది, బ్యాకప్ ఇంకా పాత చోటే వెతుక్కుంటోంది అన్నమాట. ఏది కదిలిందో ఎర్రర్ కోడ్ చెబుతుంది.

ఏదైనా ముట్టుకునే ముందు డేటా చేత్తో కాపీ చేసుకో. టాలీ మూసేసి, కంపెనీల డేటా ఫోల్డర్, క్లయింట్ల జీఎస్టీ కాగితాల ఫోల్డర్, డెస్క్‌టాప్ మీదివి వేరే డిస్క్‌లోకి కాపీ కొట్టు. ఇప్పుడు బ్యాకప్ ఉన్న డిస్క్‌లోకే వద్దు. పాత బ్యాకప్ ఇంకా పనికొస్తుంది, దాని జోలికి పోకు.

తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చెయ్యి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే చాలదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ తన స్థితిని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. ఇరుక్కున్న సర్వీసు ఇరుక్కున్నట్టే ఉంటుంది. రీస్టార్ట్ అయితేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. అయ్యాక కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రీస్టోర్ విండోస్ 7 అన్నది తెరిచి, బ్యాకప్ నౌ నొక్కు. మళ్లీ ఆగితే షో డీటైల్స్‌లో ఉన్న కోడ్ రాసుకో. కోడ్‌కు ముందు సున్నా, ఎక్స్ ఉంటాయి. నేను కింద ఆ తర్వాతి అంకెలే ఇస్తున్నాను.

80780119 అయితే చోటు చాలలేదని అర్థం. రెండు టీబీల డిస్క్ సగం ఖాళీగా ఉంటే చోటు లేకపోవడమేమిటని చాలామంది ఇంకా పెద్ద డిస్క్ కొనేస్తారు. డబ్బు దండగ. చోటు లేనిది ఆ డిస్క్‌లో కాదు, కంప్యూటర్ లోపలి డిస్క్‌లో విండోస్ రిపేర్ ఫైళ్లకు కేటాయించిన చిన్న భాగంలో, అంటే రికవరీ పార్టిషన్‌లో. సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్‌తో సహా మొత్తానికి నకలు, తీసేటప్పుడు విండోస్ ఆ పార్టిషన్‌కు కూడా షాడో కాపీ, అంటే ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు నకలు, తీయాలని చూస్తుంది. పార్టిషన్ 500 ఎంబీ లోపైతే కనీసం 50 ఎంబీ, అంతకు మించితే కనీసం 320 ఎంబీ ఖాళీ కావాలి. అప్‌గ్రేడ్‌తో అందులోకి మునుపటికన్నా పెద్ద రికవరీ ఫైల్ వచ్చి కూర్చుంటే ఆ ఖాళీ మిగలదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఆ పార్టిషన్ నూరు శాతం ఖాళీ అని కనిపిస్తుంది. అది నమ్మకు. డ్రైవ్ అక్షరం లేని ఆ పార్టిషన్‌లో ఎంత నిండిందో అక్కడ సరిగా కనిపించదు.

దీనికి తాత్కాలికంగా ఒక దారి ఉంది. స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, రీఏజెంట్‌సీ స్లాష్ డిజేబుల్ అనే కమాండ్ ఇవ్వు. రికవరీ ఫైల్ అక్కడి నుంచి సీ డ్రైవ్‌లోకి వెళ్తుంది, ఆ చోటు ఖాళీ అవుతుంది. ఇమేజ్ పూర్తయ్యాక అదే కమాండ్ చివర ఎనేబుల్ అని ఇవ్వడం మరవకు. మరిచిపోతే రేపు విండోస్ లేవని రోజున రిపేర్ స్క్రీన్ రాదు. శాశ్వతంగా కావాలంటే ఆ పార్టిషన్‌ను ఒక జీబీ దాకా పెంచించాలి. అది నువ్వు చేయవద్దు, తెలిసిన టెక్నీషియన్‌తో చేయించు. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకో.

నన్నడిగితే వారం వారం సిస్టమ్ ఇమేజ్ నీకు అక్కర్లేదు. విండోస్‌ను, టాలీని మళ్లీ వేసుకోవచ్చు, క్లయింట్ల లెక్కలు మళ్లీ పుట్టవు. పైగా 2017లో వచ్చిన 1709 వెర్షన్ నుంచే మైక్రోసాఫ్ట్ ఈ ఇమేజ్ సౌకర్యాన్ని వదిలేసే జాబితాలో పెట్టింది. చేంజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇమేజ్ దగ్గరున్న టిక్ తీసెయ్. 80780119 దానితోనే పోతుంది.

80070002 అయితే ఏదో ఫైలు కనిపించలేదని. వ్యూ స్కిప్డ్ ఫైల్స్ నొక్కి దారి చూడు. అందులో సిస్టమ్‌ప్రొఫైల్ అన్న మాట ఉంటే అది నీ డేటా కాదు, విండోస్ సొంత ఖాతాకు చెందిన ఫోల్డర్. నష్టమేమీ లేదు. సెట్టింగ్స్‌లో లెట్ మీ చూజ్ ఎంచుకుని, లైబ్రరీల టిక్కులు, కొత్త యూజర్ల డేటా అన్న టిక్కు తీసేసి, నీకు కావలసిన ఫోల్డర్లకే టిక్ పెట్టు. ఆ మెసేజ్ ఆగిపోతుంది.

అప్పటికీ ఆగకపోతే మానేసిన ఉద్యోగి పేరుతో దయ్యంలా మిగిలిన యూజర్ ఖాతా కారణం కావచ్చు. విండోస్ లోపలి సెట్టింగులు చూపే రెజ్‌ఎడిట్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, ప్రొఫైల్ లిస్ట్ వరకు వెళ్లు. ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి పేర్లను ఒక్కొక్కటే నొక్కి, కుడివైపు ప్రొఫైల్ ఇమేజ్ పాత్‌లో ఉన్న ఫోల్డర్ సీ డ్రైవ్ యూజర్స్‌లో నిజంగా ఉందేమో చూడు. లేకపోతే ఆ ఎంట్రీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచి, తర్వాత తీసెయ్. ఎస్-1-5-18, 19, 20 విండోస్‌వి, ముట్టుకోకు. చివర బీఏకే ఉన్నది ఇప్పుడు వాడే ఖాతాదైతే దాన్నీ ముట్టుకోకు, నాకు ఫోన్ చెయ్యి.

80070003 అయితే ఫైలుకు వెళ్లే దారే మారిందని. అప్‌గ్రేడ్ సమయంలో మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌కు సరే అని నొక్కి ఉంటే నీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ దాని ఫోల్డర్ కిందికి మారి ఉంటాయి. బ్యాకప్‌లో కొత్త దారి ఎంచుకో. అక్కడ మేఘం గుర్తున్న ఫైళ్లకు నీ డిస్క్‌లో ఉన్నది పేరు మాత్రమే. రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ పెడితేనే అసలు ఫైలు దిగుతుంది.

8007045డీ వస్తే అప్‌గ్రేడ్‌ను తిట్టుకోకు. అది డిస్క్, కేబుల్ గొడవ. యూఎస్‌బీ హబ్ తీసేసి, పొట్టి కేబుల్‌తో సీపీయూ వెనక పోర్టుకే నేరుగా పెట్టి చూడు. అప్పుడూ వస్తే డిస్క్ అరిగిందేమోనని అనుమానించాలి. అందులోవి ముందు బయటికి కాపీ చేసుకో. డిస్క్‌లో చెడిన చోట్లు వెతికే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కమాండ్ ఆ తర్వాతే. పోయే డిస్క్ మీద గంటల తరబడి స్కాన్ పెడితే ఉన్న కాస్త ప్రాణమూ పోతుంది.

కోడ్ వీటిలో ఏదీ కాకపోతే అదే సీఎండీలో వీఎస్‌ఎస్‌అడ్మిన్ లిస్ట్ రైటర్స్ ఇవ్వు. వీఎస్‌ఎస్ అంటే షాడో కాపీలు తీసే విండోస్ సర్వీసు, రైటర్లు అంటే కాపీకి ముందు తమ డేటాను సిద్ధం చేసే భాగాలు. ప్రతి రైటర్ కిందా స్టేబుల్, నో ఎర్రర్ అని ఉండాలి. ఫెయిల్డ్ అన్న దాని పేరు రాసుకో. లిస్ట్ ప్రొవైడర్స్ అనీ ఇచ్చి చూడు. మైక్రోసాఫ్ట్ కాక వేరే పేరుంటే ఎప్పుడో వేసిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అవశేషం అది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యి. రైటర్లు అప్పటికీ కుదురుకోకపోతే డిసమ్ రిస్టోర్ హెల్త్, దాని తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ, ఈ వరుసలోనే నడుపు. రెండోదానికి కావలసిన మంచి ఫైళ్లను మొదటిది బాగుచేస్తుంది.

మెసేజ్ సోమవారమే రావడానికి కారణం ఉంది. మనం మార్చకపోతే బ్యాకప్ ఆదివారం సాయంత్రం 7 గంటలకు పెట్టి ఉంటుంది. అప్పుడు ఆఫీసుకు తాళం, డిస్క్ బీరువాలో. అందుకే ఆ సంగతి సోమవారం కంప్యూటర్ ఆన్ చేశాకే బయటపడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళకు మార్చు, డిస్క్ తగిలించి వెళ్లు. మొదటిసారి పూర్తయినట్టు చూపించగానే రీస్టోర్ మై ఫైల్స్‌తో ఒక ఎక్సెల్ ఫైలును వేరే ఫోల్డర్‌లోకి దింపి, తెరిచి చూడు. అది తెరుచుకునే వరకు పాత బ్యాకప్ తీయొద్దు.

ఇంకా కుదరకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి, బ్యాకప్ ఆగిన నిమిషంలో వీఎస్‌ఎస్ పేరుతో ఉన్న ఎర్రర్ వరుసల ఫొటో తీసి పంపు. రైటర్ల లిస్ట్ ఫొటో కూడా కలిపి పంపు.

ఇట్లు,
మామయ్య