సాగు మారాలంటే రైతుకు ముందు ఏ సాయం అందాలి?

హైదరాబాద్ చుట్టుపక్కల కూరగాయల రైతులు నష్టపోకుండా సుస్థిర సాగుకు మారడానికి నగరవాసులు ఎలా సాయపడగలరన్నది ప్రశ్న. నా ఉద్దేశంలో ముందు సరిచేయవలసింది అమ్మకం. చేవెళ్ల వైపు టమాటా అంతా ఒకేసారి మార్కెట్‌కు వచ్చి ధర పడిపోయినప్పుడు, కోత కూలి కూడా గిట్టని రైతుకు జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం వంటివి కలిపి పులియబెట్టే ద్రవ ఎరువు) గురించి ఎంత చెప్పినా చెవికెక్కదు. 1999లో మొదలైన రైతుబజార్లు దళారీ లేని అమ్మకానికి దారి చూపాయి. అదే తీరున ఒక అపార్ట్‌మెంట్‌లోని 20, 30 కుటుంబాలు వారానికి ఇంత కొంటామని ముందే మాట ఇస్తే, రైతు ఎకరంలో పావు వంతునైనా ధైర్యంగా మారుస్తాడు. పొలమంతా ఒక్కసారిగా మార్చమనడం తగదు. తొలి ఏళ్లలో దిగుబడి తగ్గవచ్చు.

ఖర్చు తగ్గించే పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది ఎర పంట, అంటే పురుగును అసలు పంట నుంచి తనవైపు లాక్కునే పంట. టమాటా 16 వరుసలకు ఒక వరుస బంతి వేయాలి. 40 రోజుల బంతి నారును 25 రోజుల టమాటా నారుతో కలిపి నాటితే రెండూ ఒకేసారి పూతకు వస్తాయి. అప్పుడు కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగులు ఎక్కువగా బంతి మొగ్గల మీదే గుడ్లు పెడతాయి, మందు పిచికారీలు తగ్గుతాయి. కాలం చూసుకుని నాటితే ఆ బంతిపూలు బతుకమ్మ నాటికి, బహుశా టమాటా కన్నా మంచి ధరకే, అమ్ముడుపోతాయి.

భూసార పరీక్ష మాత్రం ఎరువు కొనకముందే చేయించాలి.