టెక్ సందేహాలు: రెండు క్లాసుల హీరోకి లెక్క కుదిరేదెలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లవి. పాచికలు వేస్తూ, తలా ఒక పాత్ర పోషిస్తూ కథ నడిపే ఆట ఇది. అడిగింది ఫోన్ యాప్ గురించే అయినా చిక్కుముడి మాత్రం ఒక్కటే, మల్టీక్లాస్. ఒకే పాత్రలో రెండు క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తులు) కలిపితే ఏ శక్తి దేనితో కలుస్తుంది, ఏది కలవదు అన్నది యాప్ చెప్పదు. అంకెలు చూపించి ఊరుకుంటుంది. అందుకే యాప్‌తో పాటు రూల్స్ గురించి కూడా కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: నా పాత్ర పాలడిన్ (పవిత్ర యోధుడు) 3వ లెవెల్, సార్సరర్ (సహజంగా మాయ ఉన్న మాంత్రికుడు) 4వ లెవెల్. పాత్రల షీట్లు నడిపే డీ అండ్ డీ బియాండ్ యాప్‌లో మూడో లెవెల్ స్పెల్ స్లాట్లు (మంత్రం వేయడానికి ఖర్చుపెట్టే అవకాశాలు) మూడు చూపిస్తోంది. మా డీఎమ్ (ఆట నడిపే వ్యక్తి) పుస్తకం చూసి లెక్కేస్తే రెండే వచ్చాయి. పైగా మూడో లెవెల్ స్పెల్ ఒక్కటి కూడా ఎంచుకోనివ్వడం లేదు. ఇది యాప్‌లో బగ్గా? (మాదాపూర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బగ్ కాదండీ. మీ యాప్ 2024లో సవరించిన రూల్స్‌లో ఉంది, మీ డీఎమ్ చేతిలో ఉన్నది పాత 2014 పుస్తకం. పాలడిన్ సగం మాంత్రికుడు కాబట్టి స్లాట్ల లెక్కలోకి అతని లెవెల్లో సగమే వస్తుంది. 3లో సగం ఒకటిన్నర. 2014లో దాన్ని కిందికి దించి 1 అనేవారు, 2024లో పైకి జరిపి 2 అంటున్నారు. సార్సరర్ లెవెళ్లు నాలుగూ పూర్తిగా కలుస్తాయి. అంటే పాత లెక్కలో మీరు 5వ లెవెల్ మాంత్రికుడితో సమానం, కొత్త లెక్కలో 6వ లెవెల్‌తో. మల్టీక్లాస్ పట్టికలో 5వ వరుసలో మొదటి, రెండో, మూడో లెవెల్ స్లాట్లు వరుసగా 4, 3, 2 అని ఉంటాయి. 6వ వరుసలో 4, 3, 3. ఆ ఒక్క స్లాట్ తేడా అక్కడిదే. ఏ రూల్స్‌తో ఆడుతున్నారో టేబుల్ దగ్గర ముందే తేల్చుకోండి. యాప్‌లో క్లాసు ఎంచుకునేటప్పుడు పేరు పక్కన 'లెగసీ' అని ఉంటే అది 2014 వెర్షన్. ఒకే షీట్లో ఒక క్లాసు లెగసీది, ఇంకొకటి కొత్తది పెట్టుకుంటే తర్వాత చాలా గందరగోళపడతారు.

ఇక రెండో సంగతి. స్లాట్లు రెండు క్లాసులకూ కలిపి లెక్కేస్తారు, కానీ ఏ స్పెల్స్ నేర్చుకోవచ్చన్నది ఏ క్లాసుకు ఆ క్లాసే విడిగా చూస్తారు. సార్సరర్ 4కి దొరికేది రెండో లెవెల్ స్పెల్స్ వరకే. పాలడిన్ 3కి మొదటి లెవెల్ మాత్రమే. కాబట్టి ఫైర్‌బాల్ లాంటి మూడో లెవెల్ స్పెల్ మీకు ఇంకా అందదు. మరి మూడో లెవెల్ స్లాట్లు ఎందుకంటే, చిన్న స్పెల్‌ని పెద్ద స్లాట్‌తో వేసి బలం పెంచుకోవడానికి. డివైన్ స్మైట్‌ని (పాలడిన్ తన దెబ్బకు జోడించే పవిత్ర శక్తి) మొదటి లెవెల్ స్లాట్‌తో వాడితే దెబ్బకు అదనంగా 2డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు రెండు) వస్తుంది. అదే మూడో లెవెల్ స్లాట్ ఖర్చుపెడితే 4డీ8. ఎదురుగా ఉన్నది పిశాచమో, చచ్చి లేచినదో అయితే ఇంకో డీ8 కలుస్తుంది. పాలడిన్, సార్సరర్ జోడీకి ఇంత పేరు రావడానికి అసలు కారణం ఇదే. సార్సరర్ లెవెళ్లు స్లాట్లు పోగుచేస్తాయి, పాలడిన్ వాటిని కత్తి అంచున ఖర్చుపెడతాడు.

అయితే ఒక జాగ్రత్త. పాత వీడియోల్లో చూపించే దెబ్బ ఒకటుంది: కత్తితో కొట్టి స్మైట్ వేసి, అదే టర్న్‌లో క్వికెన్డ్ స్పెల్‌తో (మంత్రాన్ని త్వరగా వేసే సార్సరర్ శక్తి) ఒక మంత్రం కూడా విసరడం. 2014లో స్మైట్‌కి ఏ యాక్షనూ ఖర్చయ్యేది కాదు కాబట్టి అది చెల్లింది. 2024లో స్మైట్‌ని స్పెల్‌గా మార్చి బోనస్ యాక్షన్ (మామూలు యాక్షన్‌తో పాటు దొరికే చిన్న అదనపు పని) పెట్టారు. క్వికెన్డ్ స్పెల్‌కీ బోనస్ యాక్షనే కావాలి. టర్న్‌కి ఉండేది ఒక్క బోనస్ యాక్షన్. రెండూ కలిసి రావు. నాకైతే ఈ మార్పు నచ్చింది. పాత పద్ధతిలో ఒక్క రౌండ్‌లో పోరాటం ముగిసిపోయి, మిగతా ఆటగాళ్లు చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది.

ప్రశ్న: అదే జోడీతో కొత్త పాత్ర మొదలుపెట్టాలనుకుంటున్నాను. ముందు పాలడిన్ తీసుకోవాలా, సార్సరర్ తీసుకోవాలా? తర్వాత యాప్‌లో వరుస మార్చుకోవచ్చా? (విజయవాడ)

జవాబు: ముందు మీ పాత్ర స్కోర్లు (బలం, ఆకర్షణ లాంటి గుణాల అంకెలు) చూసుకోండి. పాలడిన్‌కి కనీసం స్ట్రెంగ్త్ 13, కరిష్మా 13 రెండూ ఉండాలి. సార్సరర్‌కి కరిష్మా 13 చాలు. ఇవి లేకపోతే బియాండ్ రెండో క్లాసుకు ఒప్పుకోదు. మీ డీఎమ్ సడలింపు ఇస్తే పాత్రను తయారుచేసే బిల్డర్ మొదటి పేజీలో మల్టీక్లాస్ అర్హతల టిక్ తీసేయవచ్చు. క్లాస్ పేజీలో ఇంకో క్లాసు కలిపే బటన్ ఉంటుంది, దాంతో రెండోదాన్ని చేర్చుకోవాలి.

వరుస గురించి చాలామంది ప్రాణాల లెక్క చూసి టెన్షన్ పడతారు. నిజానికి అక్కడ తేడా తక్కువ. మొదటి లెవెల్‌లో మాత్రమే హిట్ డై (ప్రాణాల లెక్కకు క్లాసు ఇచ్చే పాచిక)లోని పెద్ద అంకె మొత్తం వస్తుంది, తర్వాత సగటు తీసుకుంటాం. పాలడిన్ 3, సార్సరర్ 4కి కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) పక్కన పెట్టి లెక్కేస్తే, ముందు పాలడిన్ అయితే 38, ముందు సార్సరర్ అయితే 36. రెండే పాయింట్లు. అసలు తేడా కవచంలో ఉంది. పాలడిన్‌తో మొదలుపెడితే బరువైన కవచం వేసుకునే శిక్షణ వస్తుంది. పాలడిన్‌ని తర్వాత చేర్చుకుంటే తేలికవి, మధ్యరకం, డాలు మాత్రమే. సార్సరర్‌తో మొదలుపెడితే కాన్‌స్టిట్యూషన్ సేవింగ్ త్రో (ప్రమాదాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) బలపడుతుంది, దెబ్బ తగిలినా స్పెల్ మీద ఏకాగ్రత అంత సులువుగా చెదరదు. ముందు వరుసలో నిలబడి పోరాడేవాళ్లయితే పాలడిన్‌తోనే మొదలుపెట్టండి. వరుస తర్వాత మార్చాలంటే కొత్త షీట్ చేసుకోవడమే సులువు. ఉచిత ఖాతాలో ఆరు పాత్రల వరకే చోటుంటుంది కాబట్టి ప్రయోగాలు చేసిన షీట్లు ఎప్పటికప్పుడు తీసేయండి.

ప్రశ్న: బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌లో క్లెరిక్‌కి (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి) ఒక్క లెవెల్ విజర్డ్ (చదివి మంత్రాలు నేర్చుకునే మాంత్రికుడు) కలిపి, స్క్రోల్స్ (మంత్రం రాసి ఉన్న చుట్టలు) చూసి పెద్ద స్పెల్స్ అన్నీ రాసుకున్నాను. ఇప్పుడు ఫ్రెండ్స్‌తో టేబుల్ మీద ఆడుతుంటే అలా కుదరదంటున్నారు. ఎందుకు? (డాలస్‌లో చదువుకుంటున్న ఒక పాఠకురాలు)

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే. ఆ వీడియో గేమ్‌లో స్లాట్ ఉంటే చాలు, ఆ లెవెల్ విజర్డ్ స్పెల్‌ని స్క్రోల్ నుంచి నేర్చుకోవచ్చు. టేబుల్ మీద విజర్డ్ 1 ఎప్పటికీ విజర్డ్ 1 లాగే చదువుకుంటాడు. మీ క్లెరిక్ ఎంత పెద్దదైనా విజర్డ్ మంత్రాల పుస్తకంలోకి ఎక్కేది మొదటి లెవెల్ స్పెల్సే. గేమ్‌లో స్కోర్ల అర్హత కూడా అడగరు, నచ్చకపోతే విదర్స్ అనే పాత్రకి 100 బంగారు నాణేలిచ్చి క్లాసులు మొదటినుంచీ మార్చుకోవచ్చు. టేబుల్ మీద అలా మార్చుకోవడం పూర్తిగా డీఎమ్ దయ. ఆ గేమ్‌లో కుదిరిన జోడీని ఇక్కడికి తెచ్చుకునే ముందు ఒక్కో శక్తినీ రూల్స్‌లో వెతికి చూసుకోండి.

ప్రశ్న: నా పాత్ర వార్‌లాక్ (ఒక శక్తితో ఒప్పందం చేసుకుని మాయ పొందేవాడు) 3, సార్సరర్ 4. షీట్లో స్లాట్లు రెండు చోట్ల కనిపిస్తున్నాయి. కలపాలా? (బెంగళూరు)

జవాబు: కలపకండి. వార్‌లాక్ పాక్ట్ మ్యాజిక్ (ఒప్పందంతో వచ్చే మాయ) ఖాతా వేరు. మీకు సార్సరర్ వైపు మొదటి లెవెల్‌వి 4, రెండో లెవెల్‌వి 3 స్లాట్లు, వార్‌లాక్ వైపు రెండో లెవెల్‌వి రెండు. ఖర్చుపెట్టేటప్పుడు మాత్రం ఏ స్లాట్‌తో ఏ క్లాసు స్పెల్ అయినా వేయొచ్చు. పాక్ట్ స్లాట్లు షార్ట్ రెస్ట్‌కే (కాసేపటి విశ్రాంతి) తిరిగొస్తాయి కాబట్టి ముందు వాటినే వాడేయండి. ఇంకో మంచి విషయం: ఎల్డ్రిచ్ బ్లాస్ట్ (వార్‌లాక్ విసిరే కిరణాలు) లాంటి క్యాంట్రిప్స్ (స్లాట్ ఖర్చు లేని మంత్రాలు) బలం పాత్ర మొత్తం లెవెల్‌ని బట్టి పెరుగుతుంది. మీరు మొత్తం 7వ లెవెల్ కాబట్టి కిరణాలు రెండు. 11కి మూడవుతాయి, 17కి నాలుగు. మీరు ఆ తర్వాత వార్‌లాక్‌లో ఒక్క లెవెల్ పెంచకపోయినా సరే.

ప్రశ్న: బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే యోధుడు), రోగ్ (చాటుగా దెబ్బతీసే నేర్పరి) కలిపాను. రేపియర్‌తో (సన్నని కత్తి) కొడుతున్నా రేజ్ (బార్బేరియన్ ఆవేశం) డ్యామేజ్ షీట్లో రావడం లేదు. (వరంగల్)

జవాబు: రేపియర్ ఫినెస్ ఆయుధం. ఫినెస్ అంటే స్ట్రెంగ్త్ (బలం), డెక్స్టెరిటీ (చురుకుదనం)లలో ఏదైనా వాడుకోవచ్చు, షీట్లు సాధారణంగా ఎక్కువున్నదాన్ని తీసుకుంటాయి. మీది డెక్స్టెరిటీ ఎక్కువేమో చూడండి. రేజ్ బోనస్ స్ట్రెంగ్త్‌తో కొట్టినప్పుడే కలుస్తుంది. స్నీక్ ఎటాక్‌కి (రోగ్ చేసే అదనపు డ్యామేజ్) డెక్స్టెరిటీయే ఉండాలన్న నియమం లేదు, ఆయుధం ఫినెస్ అయితే చాలు. అందుకే ఈ పాత్రకి స్ట్రెంగ్త్ పెంచుకోండి. స్ట్రెంగ్త్‌తో రెక్‌లెస్ ఎటాక్ (బార్బేరియన్ తెగించి చేసే దాడి) చేస్తే అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది, అడ్వాంటేజ్ ఉంటే స్నీక్ ఎటాక్ వస్తుంది, పైన రేజ్. మూడూ ఒకే దెబ్బలో! ఇంత చక్కగా అతికే జోడీలు తక్కువ. రెండు క్లాసుల్లోనూ 5వ లెవెల్ దాటాక ఎక్స్‌ట్రా ఎటాక్ (ఒక యాక్షన్‌లోనే ఇంకో దాడి) రెండుసార్లు వస్తుందేమోనని కూడా అడిగారు. రోగ్‌కి ఆ శక్తే లేదు. ఫైటర్ 5, రేంజర్ 5 లాంటి జోడీలో రెండింటికీ ఉన్నా దాడులు రెండే, మూడు కావు. బియాండ్ షీట్లో యాక్షన్స్ పక్కన ఒక యాక్షన్‌కి ఎన్ని దాడులో అంకె ఉంటుంది, నమ్మకంగా అదే చూసుకోండి.

ప్రశ్న: పుస్తకాలు కొనే స్తోమత లేదు. ఏఐ చాట్‌బాట్‌ని అడిగి మల్టీక్లాస్ పాత్ర చేసుకోవచ్చా? (కాకినాడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: నేరుగా అడగొద్దు. అవి 2014, 2024 రూల్స్‌ని ఒకే జవాబులో కలిపేస్తాయి, అదీ చాలా ధీమాగా. మొదటి ప్రశ్నలో ఒక స్లాట్ తేడా ఎలా వచ్చిందో చూశారు కదా. దానికి బదులు ఎస్ఆర్‌డీ అనే రూల్స్ పీడీఎఫ్ దించుకోండి. 2014 రూల్స్‌కి 5.1, కొత్త వాటికి 2025లో వచ్చిన 5.2. రెండూ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో ఉచితం, చట్టబద్ధం. మల్టీక్లాస్ భాగం, స్లాట్ల పట్టిక పూర్తిగా ఉన్నాయి. క్లాసుకి ఒక్క సబ్‌క్లాసే (క్లాసులో ఉపవిభాగం) ఇచ్చారు గానీ మొదటి పాత్రకు అంతకన్నా అక్కర్లేదు. చాట్‌బాట్ వాడాలనుకుంటే ఆ పీడీఎఫ్‌ని దానికిచ్చి, ఏ పేజీలో ఉందో చూపించమని అడగండి, ఆ పేజీ మీరే తెరిచి చదవండి. ఆన్‌లైన్‌లో ఆడాలంటే రోల్20 అనే వేదికను బ్రౌజర్‌లో ఉచితంగానే మొదలుపెట్టవచ్చు. ఫౌండ్రీ అనే ఇంకో వేదికకి గేమ్ నడిపేవాళ్లు ఒక్కసారి డబ్బు కడితే చాలు, మిగతావాళ్లు బ్రౌజర్‌లో చేరిపోతారు. అందులో రెండో క్లాసుని లాగి షీట్ మీద వదిలితే స్లాట్లు అదే కలుపుకుంటుంది. మీ డీఎమ్‌కి బియాండ్‌లో మాస్టర్ టియర్ సబ్‌స్క్రిప్షన్ ఉంటే ఆయన కొన్న పుస్తకాలు క్యాంపెయిన్‌లో మీకూ తెరుచుకుంటాయి. కొనే ముందు ఆయన్ని ఒకమాట అడగండి.