నమ్మకం లేకుండా కన్ఫర్మేషన్‌కు నిలబడవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీకు పదహారేళ్ళు, ఊరు గుంటూరు, పుట్టింది లూథరన్ (ప్రొటెస్టంట్ క్రైస్తవ) కుటుంబంలో. ఏడాదిగా ప్రార్థన చేస్తుంటే అవతల ఎవరూ వింటున్నట్లు అనిపించడం లేదు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం మీ కన్ఫర్మేషన్, అంటే సంఘం ఎదుట నిలబడి విశ్వాసాన్ని మీ నోటితో ఒప్పుకునే రోజు. ఇంట్లో తెల్ల బట్టలు కూడా కుట్టించేశారు. వెళ్ళి నిలబడితే అబద్ధమాడినట్లవుతుంది, మానేస్తే ఇల్లు అట్టుడికిపోతుంది, ఏం చేయాలి?

నేను అదే ఊళ్ళో, అదే వయసులో, నమ్మకం లేకుండానే నిలబడినవాణ్ణి. కాబట్టి నిలబడితే ఏమవుతుందో మాత్రమే నాకు అనుభవం మీద తెలుసు.

మాకు శనివారం సాయంత్రాలు క్లాసు జరిగేది. మత సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిని కంఠస్థం చేయించేవారు: పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన, ఒక్కొక్కదాని తరువాత అర్థమేమిటన్న ప్రశ్న, దాని కిందనే జవాబు. అన్ని ప్రశ్నలున్న పుస్తకాన్ని చేతికిచ్చి, అందులో లేని ప్రశ్న అడిగితే మొహం చిట్లించుకోవడం నాకు వింతగా తోచేది. నేను అడిగినది నిజానికి చిన్న విషయం. యేసును పట్టిచ్చిన యూదా ఉరివేసుకున్నాడని బైబిల్లో మత్తయి 27వ అధ్యాయంలో ఉంది, తలక్రిందుగా పడి నడుమ బద్దలై చనిపోయాడని అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో ఉంది, ఈ రెండింటిలో ఏది జరిగిందని అడిగాను. ఉరితాడు తెగి కిందపడి ఉంటాడని మా మాస్టారు చెప్పారు. అది చాలా పాత సమాధానమేనని తరువాత తెలిసింది, అప్పటికి నేను దానితో సరిపెట్టుకునేవాణ్ణి కూడా. కానీ ఆయన అంతటితో ఊరుకోక, ఇటువంటి ప్రశ్నలు సాతాను పుట్టిస్తాడని అందరి ముందూ అన్నారు. ఆ తరువాత క్లాసులో నేను నోరు విప్పలేదు. అన్నీ తప్పు లేకుండా అప్పజెప్పినందుకు కన్ఫర్మేషన్ నాడు నాకొక కొత్త నిబంధన పుస్తకం బహుమతిగా ఇచ్చారు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. పసితనంలో బాప్తిస్మమిచ్చినప్పుడు మన తరఫున పెద్దలు పలికిన మాటను సంఘం ఎదుట మన నోటితో మనమే పలకడం కన్ఫర్మేషన్. అది అయ్యాక ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు భోజనానికి, వెళ్ళాలి. పాటయితే నలుగురితో కలిసి పాడేయవచ్చు, ప్రార్థనలో తల వంచుకుని కూర్చుంటే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. బల్ల దగ్గర అలా కుదరదు. వరుస లేచినప్పుడు లేచి, ముందుకు నడిచి, మోకాళ్ళూని చేయి చాపాలి. పది నెలలు వెళ్ళాను. పదకొండవ నెల మొదటి ఆదివారం మా వరుస లేచినప్పుడు నేను లేవలేదు. నన్ను దాటుకుంటూ వెళ్ళిన నాన్న మోకాలు నా మోకాలికి తగిలింది. ఆయన కిందికి చూసి, ఏమీ అనకుండా ముందుకు నడిచారు.

కొత్తపేట వైపు నుండి బ్రాడీపేటలోని ఇంటికి శంకర్‌విలాస్ వంతెన మీదుగా వచ్చేవాళ్ళం. ఆ రోజు స్కూటరు మీద ఒక్క మాటా లేదు. ఇంటికి వచ్చాక ఎందుకు లేవలేదని అడిగితే, ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెనని పౌలు కొరింథీయులకు రాశాడు కదా, నేను పరీక్షించుకున్నాను అన్నాను. (వచనం పట్టుకుని ఎదుటివారి నోరు మూయించడం ఆ వయసులో నాకు బాగా చేతనయ్యేది.) నాన్న కోప్పడతారనుకుంటే ఆయన ముఖంలో భయం కనిపించింది. అది నరకం గురించిన భయమనే అప్పుడు అనుకున్నాను.

మరుసటి సంవత్సరం ఎంసెట్ కౌన్సెలింగ్‌కు కుల ధ్రువపత్రం అవసరమైనప్పుడు సంగతి కొంత అర్థమైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా ప్రధానంగా హిందువులకు పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు గానీ క్రైస్తవులకు విస్తరించలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వారి సంతానం మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని సి వర్గం, అంటే బీసీ-సి కిందికి వస్తారు. ఆ వర్గానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. కాగితం మీద ఒక మతం, చర్చి రిజిస్టరులో ఒక మతం పెట్టుకుని బతికిన కుటుంబాలు మాకు తెలుసు. అది వారు కోరి తెచ్చుకున్న పరిస్థితి కాదు కనుక వారిని తప్పుపట్టను. నాన్న మాత్రం తన ఉద్యోగానికీ, నా సీటుకీ బీసీ-సి పత్రమే తీసుకున్నారు. ఆయన అంత ఖరీదు పెట్టి నిలుపుకున్నదాన్ని నేను ఒక ఆదివారం బెంచీ మీద కూర్చునే కాదనేశాను. విచిత్రమేమంటే, నమ్మకం పోయాక కూడా ఆ పత్రం నా పేరనే ఉంది.

నా సందేహాలు తప్పని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చిన నాటి నుండి, మనవాళ్ళకు బడి, ఆసుపత్రి, ఉద్యోగం, పెళ్ళి సంబంధం, చివరకు సమాధి స్థలం కూడా చర్చితోనే ముడిపడి వచ్చాయి. నాకు దేవుడు ఉన్నట్లు అనిపించడం లేదని మీరంటే, మీ అమ్మగారికి మీరు ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నట్లు వినిపించవచ్చు. అందుకని ఆ మాట మొదట ఇంట్లో అందరి మధ్యా కాకుండా ఒక్కరికి చెప్పడం మేలు.

నాకు ఆ ఒక్కరు మా నాయనమ్మ. ఆమె గుంటూరు మిషన్ ఆసుపత్రి అయిన కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకున్న మనిషి. చూపు తగ్గాక రోజూ సాయంత్రం నా చేత కీర్తనలు చదివించుకునేది. ఒకనాడు బబులోను నదుల కీర్తన, 137వది, చదువుతూ, పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడనే ఆఖరి వచనాన్ని పలకలేక పుస్తకం మూసేశాను. ‘ఆఖరిది మింగేశావేంరా?’ అంది. చదవబుద్ధి కాలేదన్నాను, ఆ వెంటనే మిగిలినవన్నీ కూడా చెప్పేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ‘కడుపు మండినవాళ్ళ మాట అది. దాన్నీ తీసెయ్యకుండా అందులోనే ఉంచారు. నీ మాట ఎక్కడికి పోతుందిలే, రేపు కూడా వచ్చి చదువు’ అంది. ఆమె నాన్నతో ఏమందో తెలియదు గానీ, బల్ల దగ్గరకు రమ్మని ఆయన నన్ను మళ్ళీ పిలవలేదు. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. గుంటూరు వెళ్ళినప్పుడు అమ్మ పక్కనే కూర్చుంటాను, మా వరుస లేచినప్పుడు ఆమెకు దారి ఇస్తాను.

ఇక మీ మట్టల ఆదివారం సంగతి. లూథరన్లకు సంస్కారాలు బాప్తిస్మం, ప్రభు భోజనం మాత్రమే. కన్ఫర్మేషన్ వాటిలో ఒకటి కాదు, కనుక వాయిదా పడితే పోయేదేమీ లేదు. పాస్టరు అయ్యగారిని ఒంటరిగా కలిసి, ‘నేనింకా సిద్ధంగా లేను, వచ్చే ఏడు నిలబడతానో లేదో అప్పుడు చెబుతాను’ అని అడగండి. ఇందులో అబద్ధం లేదు, తిరుగుబాటూ లేదు. ఆయన కసిరినా, ఇంట్లో పట్టుబట్టి నిలబెట్టినా, ఆ ఒప్పుకోలు బరువంతా పదహారేళ్ళ మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. బల్ల విషయంలో మాత్రం మీతో మీరు నిజాయితీగా ఉండండి. పరీక్షలు దగ్గరలో ఉంటే, ఇంట్లో పెద్ద మాట ఎత్తడం వేసవి సెలవుల దాకా ఆపవచ్చు. కుట్టించిన బట్టల గురించి బెంగ వద్దు, వారం తిరిగేసరికి ఈస్టరు వస్తుంది, అమ్మతో ఎలాగూ వెళ్తారు.