అమ్మ బొమ్మ మొదలుపెట్టే ముందు

బరంపురం

చి. కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

అమ్మ సంవత్సరీకానికి నూనెరంగుల్లో బొమ్మ వేస్తున్నావని తెలిసింది. కనీసం రెండు నెలల ముందే కుంచె కింద పెట్టేసేలా లెక్క వేసుకో. మన దగ్గర వానల్లో రంగు తొందరగా ఆరదు.

పెళ్ళిళ్ళలో ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటో వద్దు. ముక్కు పక్క నీడే ఉండదు, మొహం పళ్ళెంలా వస్తుంది. కిటికీ పక్కన తీసింది వెతుకు. సెల్ఫీ అయితే పైట ఏ భుజం మీద ఉందో చూడు, కొన్ని ఫోన్లు కుడిఎడమలు తిప్పేస్తాయి.

ఫోటోని 6×8 అంగుళాల ప్రింటు తీయించి అంగుళం గళ్ళు గియ్యి. 18×24 కాన్వాస్ మీద అవే 3 అంగుళాల గళ్ళు. కళ్ళూ, ముక్కూ, నోరూ ఉన్నచోట గడిని మళ్ళీ నాలుగు చెయ్యి. తల 8 అంగుళాలు దాటనివ్వకు. అసలు తలకంటే పెద్దదైతే ఎబ్బెట్టుగా ఉంటుంది. గీతలకు పెన్సిల్ కాదు, బొగ్గు వాడి దులిపెయ్యి. పెన్సిల్ గీత పలచటి రంగులోంచి కనబడుతుంది.

మీ అమ్మ కుడి రెప్ప కాస్త వాలి ఉండేది. రెండు కళ్ళూ సమానం చేశావా, పోలిక అక్కడే పోతుంది. పని మధ్యలో బొమ్మని అద్దంలో చూస్తూ ఉండు, వంకర ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. ముడతల్ని గీతలుగా గీయకు. పక్కపక్కన రెండు ఛాయలు పెట్టి అంచు మెత్తగా కలుపు.

ఆవిడది చామనఛాయ. వెలుగు కోసం ఉత్త తెలుపు కలిపితే చర్మం పాలిపోతుంది, ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు, తోడు చెయ్యి. నీడకు నలుపు ముట్టుకోకు. బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో అల్ట్రామెరీన్ నీలం చాలు. మొదటి పూత టర్పెంటైన్‌తో పలచగా, తర్వాతవాటికి కొంచెం కొంచెంగా అవిసెనూనె పెంచుకుంటూ పో. తిరగేస్తే పైపూత ముందు బిగిసి, కింది పూత ఇంకా కదులుతూ ఉంటే పగుళ్ళు తేలతాయి.

పట్టుచీర అంచు కుంభాల్ని వరసగా అచ్చు గుద్దకు. మడత తిరిగినచోట అవీ ఇరుకవ్వాలి, సగం దాక్కోవాలి. జరీకి బంగారు రంగు డబ్బా కొనకు. ఓకర్, అంబర్, వెలుగు తగిలినచోట ఒక్క పసుపు చుక్క.

వార్నిష్ ఆరునెలలైనా ఆగాకే. సంవత్సరీకం రోజు చుట్టాలు బొట్టు పెట్టక మానరు కాబట్టి ఫ్రేము చెక్క మీద పెట్టమని ముందే చెప్పు. దండ ఫ్రేముకు కాకుండా పైన వేరే మేకుకు వేలాడదీయి. తడి పూలు కాన్వాస్‌కు తగలకూడదు.

పెదనాన్న